ఒక్క సెమిస్టర్ విదేశంలో: పాఠం ఎలా చెబుతారు, మార్కులు ఎలా వేస్తారు

బెంగళూరు, చెన్నైల్లోని తెలుగు కుటుంబాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. ఇక్కడి కాలేజీలో చదువుతూనే ఒక సెమిస్టరో, రెండు సెమిస్టర్లో విదేశీ యూనివర్సిటీలో చదివి తిరిగొచ్చే పిల్లల గురించి. డిగ్రీ ఇచ్చేది మన కాలేజీయే. పాఠం చెప్పి పరీక్ష పెట్టేది మాత్రం అవతలివాళ్లు. ఇలాంటివాళ్లను అక్కడ విజిటింగ్ స్టూడెంట్లంటారు. వీసా గురించీ, టికెట్ల గురించీ, చలి బట్టల గురించీ ఇంట్లో నెలల తరబడి మాట్లాడుకుంటారు. అక్కడ మార్కులెలా వేస్తారన్నది మాత్రం మొదటి అసైన్‌మెంట్ తిరిగొచ్చాకే తెలుస్తుంది. అప్పటికి సెమిస్టర్ సగం అయిపోయి ఉంటుంది. అందుకే ఈసారి జవాబులు కాస్త పొడుగ్గా ఇస్తున్నాం.

మా అమ్మాయి ఇక్కడ బీఏ ఎకనామిక్స్ చదువుతూ సెప్టెంబర్‌లో ఎడిన్‌బరో వెళ్లింది. వారానికి తొమ్మిది గంటలే క్లాసులట! ఇక్కడ పొద్దున తొమ్మిది నుంచి నాలుగు దాకా ఊపిరి సలిపేది కాదు. అక్కడ అసలు చదువు చెబుతున్నారా అని భయంగా ఉంది.
— ఓ తల్లి, బానస్వాడి, బెంగళూరు

అమ్మా, మీ అమ్మాయి చెప్పింది నిజమే. తొమ్మిది గంటలే క్లాసు. కానీ చదువు తొమ్మిది గంటలు కాదు. లెక్క వేసి చూద్దాం.

బ్రిటన్‌లో ఒక క్రెడిట్ అంటే విద్యార్థి పది గంటల పని. క్లాసులో కూర్చున్నదే కాదు, చదివింది, రాసింది, పరీక్షకు తయారైంది, పరీక్ష రాసింది అన్నీ కలిపి. ఏడాదికి 120 క్రెడిట్లు, సెమిస్టర్‌కు 60. ఎడిన్‌బరోలో సాధారణంగా ఒక్కో కోర్సు 20 క్రెడిట్లు, అంటే 200 గంటలు. అలాంటివి మూడు తీసుకుంటారు. పాఠాలు జరిగేది 11 వారాలు. ఒక కోర్సుకు వారానికి రెండు లెక్చర్లు, ఒక ట్యుటోరియల్ అనుకుంటే మొత్తం 33 గంటలు. రెండు గంటల పరీక్ష తీసేస్తే ఇంకా 165 గంటలు మిగిలాయి. ఆ 165 గంటలూ మీ అమ్మాయి సొంతంగా చదవాల్సినవి. పాఠాల వారాలు, రివిజన్, పరీక్షల రోజులు అన్నీ కలిపి 14 వారాలనుకుంటే ఒక్కో కోర్సుకు వారానికి దాదాపు 12 గంటలు. మూడు కోర్సులకు 36. క్లాసుల తొమ్మిదీ కలిపితే వారానికి 45 గంటలు. ఇది ఉద్యోగం చేసేవాళ్ల వారం కన్నా తక్కువేం కాదు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఆ 36 గంటలు టైమ్‌టేబుల్‌లో కనిపించవు. బెల్లు కొట్టేవాళ్లుండరు, అటెండెన్స్ తగ్గిందని ఇంటికి ఫోన్ చేసేవాళ్లుండరు. మొదటి నాలుగు వారాలు ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది. తొమ్మిదో వారానికి వచ్చేసరికి మూడు కోర్సుల వ్యాసాలూ ఒక్కసారిగా మీద పడతాయి. ఇక్కడ సెమిస్టర్ చివర స్టడీ హాలిడేస్‌లో రాత్రింబవళ్లు కూర్చుని గట్టెక్కే అలవాటున్న పిల్లలు అక్కడ తడబడేది సరిగ్గా ఇక్కడే.

లెక్చర్‌కూ ట్యుటోరియల్‌కూ తేడా కూడా చెప్పాలి. లెక్చర్‌లో వందమందీ రెండువందలమందీ ఉండొచ్చు. అధ్యాపకులు విషయానికి పటం గీసి చూపిస్తారంతే, పూర్తి నోట్స్ చెప్పరు. స్లయిడ్లు ముందే పెడతారు. అవి చదివితే పరీక్షకు సరిపోతుందనుకోవడం పొరపాటు. ట్యుటోరియల్ పది పదిహేనుమంది గుంపు. ఆ వారం ఇచ్చిన వ్యాసమో, లెక్కలో ముందే చూసుకుని వెళ్లి అక్కడ మాట్లాడాలి. చదవకుండా వెళ్తే ఆ గంట శుద్ధ దండగ. వెళ్లేముందు ఒకే ఒక్క కాగితం మీద మూడు విషయాలు రాసుకెళ్లమనండి: రచయిత వాదన రెండు వాక్యాల్లో, తనకు ఒప్పుదల లేని ఒక మాట, అర్థంకాని ఒక చోటు. ఆ మూడోదాన్ని ప్రశ్నగా అడిగితే చాలు, నోరు విప్పినట్టే. మన పిల్లలు తెలిసినా ఊరుకుంటారు, తప్పు మాట్లాడితే నవ్వుతారని. అక్కడ ఊరుకున్నవాళ్లు చదవలేదని లెక్క.

రీడింగ్ లిస్టు చూసి బెదరొద్దని కూడా చెప్పండి. నలభై పుస్తకాలు కనిపిస్తాయి. అందులో తప్పనిసరి, చదివితే మంచిది, ఆసక్తి ఉంటే అని మూడు వరుసలుంటాయి. మొదటి వరుస వారం వారం పూర్తి చేయాలి. రెండో వరుస వ్యాసం రాసేటప్పుడు. మూడోది తాను ఎంచుకున్న ప్రశ్నకు దగ్గరగా ఉంటేనే.

ఫోన్‌లో "క్లాసులెన్ని?" అని కాకుండా "ఈ వారం ఏం చదివావు, మొదటి వ్యాసం ఏ తేదీకి?" అని అడగండి. చదువు సాగుతోందో లేదో మీకే తెలుస్తుంది.

ఇక్కడ నాకు 85కు తగ్గేవి కావు. ఇంగ్లండ్‌లో మొదటి వ్యాసానికి 62 వచ్చింది. తప్పులేవీ ఎత్తిచూపలేదు, "బాగుంది" అనే రాశారు. మరి 38 మార్కులు ఎక్కడ పోయాయి? నా సీజీపీఏ గతేంటి?
— సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థి, వేళచ్చేరి, చెన్నై

38 మార్కులు పోలేదు. అక్కడ నూరు నుంచి కోసుకుంటూ రారు. ఒక్కో మార్కు ఒక్కో స్థాయిని చెబుతుంది. 70, ఆపైన వస్తే ఫస్ట్, అంటే శ్రేష్ఠం. 60 నుంచి 69 వరకు అప్పర్ సెకండ్, చాలా బాగున్నట్టు. 50 నుంచి 59 లోయర్ సెకండ్. 40 నుంచి 49 థర్డ్. బీటెక్, బీఏ స్థాయిలో 40 వస్తే పాస్. మాస్టర్స్ కోర్సుల్లో 50 రావాలి. వ్యాసాలకు 80 దాటడం అరుదు. లెక్కలు, ప్రోగ్రామింగ్ వంటి వాటిల్లో సమాధానం తప్పో ఒప్పో తేలిపోతుంది కాబట్టి 90లు కూడా కనిపిస్తాయి. ఆ దేశంలో, ఆ క్లాసులో, మొదటి వ్యాసానికి 62 గౌరవమైన మార్కు. ముందు దిగులు మానండి.

ఇక 62 ఎందుకు 72 కాలేదన్నది అసలు ప్రశ్న. మీ సబ్జెక్టు నుంచే ఒక ఉదాహరణ తీసుకుందాం. "పెద్ద ఆనకట్టలు వరదలను తగ్గిస్తాయి. చర్చించండి" అని ప్రశ్న వచ్చిందనుకోండి. మనకు అలవాటైన జవాబు ఎలా నడుస్తుందో మీకు తెలుసు: ఆనకట్ట నిర్వచనం, రకాలు, బొమ్మ, ప్రయోజనాలు ఆరు, నష్టాలు నాలుగు, ముగింపు. అందులో ఒక్క తప్పూ ఉండదు. అయినా దానికి 55 వేస్తారు. ఎందుకంటే అడిగింది ఆనకట్ట గురించి కాదు. వరద తగ్గుతుందా, ఎప్పుడు తగ్గుతుంది, ఎప్పుడు తగ్గదు అని.

దాన్నే ఇలా మొదలుపెట్టి చూడండి: "జలాశయంలో ఖాళీ ఉన్నంతవరకే ఆనకట్ట వరదను ఆపుతుంది. తాగునీటి కోసం నిండుగా ఉంచుకున్న జలాశయం పెద్ద వానను ఆపలేదు. గేట్లు ఒక్కసారిగా ఎత్తాల్సివస్తే కింది ఊళ్లకు ముప్పు పెరుగుతుంది కూడా. కాబట్టి వరదను తగ్గించేది కట్టడం కన్నా దాన్ని నడిపే తీరు అని ఈ వ్యాసంలో చూపిస్తాను." నాలుగు వాక్యాల్లో ఒక పక్షం తీసుకున్నారు. ఇక మిగతా వ్యాసమంతా దానికి రుజువులు, దానికి ఎదురయ్యే వాదన, ఆ వాదనకు సమాధానం. 2015 డిసెంబర్‌లో చెంబరంబాక్కం నీళ్లు అడయారులోకి వదలడం తెలిసిన చెన్నై విద్యార్థికి చేతికందిన ఉదాహరణ అది. విదేశీ ఉదాహరణలే రాయాలని ఎవరూ అనలేదు.

తిరిగొచ్చిన వ్యాసంలో "మరింత విశ్లేషణ కావాలి" అనో, "వర్ణన ఎక్కువైంది" అనో ఉంటే దాని భావం ఇదే. అలాంటి మాట కనిపించిన పేరాను పట్టుకుని, అధ్యాపకుల ఆఫీస్ అవర్‌లో, అంటే విద్యార్థులను కలవడానికి వాళ్లు కేటాయించిన సమయంలో, కలిసి, "ఈ పేరాను 70 స్థాయికి తేవాలంటే ఏం మార్చాలి?" అని అడగండి. మార్కు పెంచమని అడగొద్దు, అది కుదరదు. మన దగ్గరలా డబ్బు కట్టి రీవాల్యుయేషన్ పెట్టుకునే పద్ధతి అక్కడ లేదు. పేపర్లలో కొన్నింటిని రెండో అధ్యాపకులు చూస్తారు, వేరే యూనివర్సిటీ నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మొత్తం సరళిని పరిశీలిస్తారు. ఆ తర్వాత ఎగ్జామ్ బోర్డు ఖాయం చేసేదాకా మీకు చెప్పిన మార్కు తాత్కాలికమే. కూడిక తప్పితే, నిబంధన పాటించకపోతే అప్పీలుకు వెళ్లొచ్చు. "నా వ్యాసం ఇంకా మంచిది" అనే కారణంతో వెళ్లలేరు.

ముందున్న లెక్క కూడా చూసుకోండి. ఈ వ్యాసానికి 40 శాతం, చివరి పరీక్షకు 60 శాతం వెయిటేజీ అయితే మీ 62 ఇప్పటికి 24.8 అయింది. మొత్తం మీద 65 రావాలంటే పరీక్షలో 67 తెచ్చుకుంటే చాలు. వ్యాసం ఆలస్యంగా ఇవ్వడం మాత్రం ఎప్పుడూ చేయకండి. చాలాచోట్ల రోజుకు ఐదు మార్కులు కోస్తారు, వారం దాటితే సున్నా. గడువు మధ్యాహ్నం 12 గంటలకైతే, పన్నెండు దాటి ఒక్క నిమిషమైనా అది ఒక రోజు ఆలస్యం కిందే లెక్క. రెండు రోజులు ఆలస్యమైతే మీ 62 కాస్తా 52.

సీజీపీఏ సంగతి. 62ను 6.2గా మార్చేస్తే మీకు నిజంగా అన్యాయం జరుగుతుంది. స్థాయికి స్థాయి చూసే మార్పిడి పట్టిక మీ కాలేజీలో ఉందా లేదా అని ఇప్పుడే, తిరిగి రాకముందే, రాతపూర్వకంగా అడగండి. ప్రతి ట్రాన్స్‌క్రిప్ట్ (అక్కడిచ్చే అధికారిక మార్కుల పత్రం) వెనకో, జతచేసిన కాగితంలోనో మార్కుల స్థాయిల వివరం ఉంటుంది. అది లేకుండా ట్రాన్స్‌క్రిప్ట్ ఎవరి చేతిలోనూ పెట్టొద్దు. గ్లాస్గో యూనివర్సిటీ 22 పాయింట్ల స్కేలు వాడుతుంది. అక్కడ 16 వస్తే బీ గ్రేడు. దాన్ని 22తో భాగించి శాతం కట్టినా తప్పే, నూటికి పదహారని చదివితే ఇంకా ఘోరం.

అక్కడ ప్రొఫెసర్లను పేరుపెట్టి పిలవాలట, నిజమేనా? నోరు రావడం లేదు.
— అన్నానగర్, చెన్నై

నిజమే, బ్రిటన్‌లో, స్వీడన్‌లో అదే మామూలు. మొదటి ఈమెయిల్‌లో "డాక్టర్" అని ఇంటిపేరుతో రాయండి. వాళ్లు జవాబు కింద ఏ పేరుతో సంతకం చేస్తే తర్వాత ఆ పేరుతో పిలవండి. జర్మనీలో మాత్రం వాళ్లే చెబితే తప్ప "ప్రొఫెసర్" వదలొద్దు. ఈమెయిల్ సబ్జెక్టులో కోర్సు కోడ్, లోపల మీ స్టూడెంట్ నంబర్, ఒక్క ప్రశ్న. మూడు పేరాల కుశలప్రశ్నలు అక్కర్లేదు.

ఏప్రిల్‌లో జర్మనీ వెళ్తున్నాను, కంప్యూటర్ సైన్స్. కోర్సుకు రిజిస్టర్ అయితే పరీక్షకు అయినట్టేనా? మా సీనియర్ ఒకరు పరీక్ష హాలు దాకా వెళ్లి వెనక్కి వచ్చారట. ఇంకేం జాగ్రత్తలు తీసుకోవాలి?
— యలహంక, బెంగళూరు

అయినట్టు కాదు. మీ సీనియర్‌కు జరిగింది ఏటా ఎందరికో జరుగుతుంది. జర్మనీలో కోర్సుకు నమోదు వేరు, పరీక్షకు నమోదు వేరు. రెండోదానికి సెమిస్టర్ మధ్యలో కొన్ని వారాలే గడువిస్తారు, ఆన్‌లైన్ పోర్టల్‌లో మీరే చేసుకోవాలి. ఎవరూ గుర్తుచేయరు. ఆ గడువు దాటితే పాఠాలన్నీ విన్నా పరీక్ష రాయనివ్వరు. చేరిన మొదటి వారంలోనే ప్రతి కోర్సుకూ ఆ తేదీ కనుక్కుని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. నమోదు అయ్యాక వచ్చే నిర్ధారణ పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి. రాయలేమనిపిస్తే పేరు వెనక్కి తీసుకోవడానికీ గడువుంది. తీసుకోకుండా హాలుకు వెళ్లకపోతే చాలాచోట్ల ఫెయిల్ కిందే రాస్తారు.

రెండో సంగతి. చాలా కోర్సులకు చివరి పరీక్షే నూటికి నూరు. ఇంటర్నల్స్ ఆదుకోవు. అయితే గణితం, కంప్యూటర్ సైన్స్‌లలో లెక్చర్‌కు తోడుగా యూబుంగ్ అనే అభ్యాస తరగతి ఉంటుంది. వారం వారం లెక్కల షీట్లు ఇస్తారు. కొన్ని కోర్సుల్లో ఆ షీట్లలో సగం పాయింట్లు తెచ్చుకుంటేనే పరీక్షకు అర్హత. మార్కుల్లో కలవవు కదా అని వదిలేసినవాళ్లు పరీక్షే రాయలేకపోతారు. మీ కోర్సు వివరణలో ఈ షరతు ఉందేమో మొదటే చూడండి. పాఠం ఇంగ్లిష్‌లోనే చెప్పినా పరీక్ష ఏ భాషలో అన్నది కూడా అందులోనే ఉంటుంది. బెంగళూరు ఇందిరానగర్ సీఎంహెచ్ రోడ్డులో మాక్స్ ముల్లర్ భవన్ ఉంది. వెళ్లేలోగా జర్మన్ తొలి మెట్టు నేర్చుకుంటే పోర్టల్‌లో ఏ బటన్ ఏమిటో తెలుస్తుంది, ఆఫీసు కాగితాలు చూసి కంగారు పడరు.

టైమ్‌టేబుల్‌లో 10 గంటల పక్కన "సి.టి." అని ఉంటే పాఠం 10.15కు మొదలవుతుంది. "ఎస్.టి." అని ఉంటే సరిగ్గా పదికే. పరీక్షలకు ఈ రెండక్షరాలు తప్పక చూసుకోండి.

మార్కులు తలకిందులుగా ఉంటాయి. 1.0 అన్నిటికన్నా మేలు, 4.0 కనీస పాస్, 5.0 ఫెయిల్. 1.7 వచ్చిన విద్యార్థి ట్రాన్స్‌క్రిప్ట్ చూసి ఐదుకు 1.7 కదా అని ఇక్కడి ఆఫీసులో ఎవరైనా అనుకుంటే ఏమవుతుందో ఊహించండి. నిజానికి అది "మంచి" శ్రేణి. జర్మనీవాళ్లు విదేశీ మార్కులను తమ స్కేలుకు మార్చుకోవడానికి బవేరియన్ సూత్రం వాడతారు. దాన్ని తిరగేస్తే మనకు పనికొస్తుంది: జర్మన్ గ్రేడు నుంచి 1 తీసేసి, 3తో భాగించి, మన గరిష్ఠానికీ కనీస పాస్‌కూ ఉన్న తేడాతో గుణించి, వచ్చినదాన్ని గరిష్ఠం నుంచి తీసేయాలి. పదికి పది గరిష్ఠం, 5 పాస్ అయితే 1.7కు దాదాపు 8.8 వస్తుంది. ఈ లెక్కను ఒక కాగితం మీద వేసి మీ హెచ్‌ఓడీకి చూపించి, ఒప్పుకుంటారేమో వెళ్లకముందే తేల్చుకోండి.

అన్నిటికన్నా పెద్ద తలనొప్పి తేదీలది. జర్మనీలో వేసవి సెమిస్టర్ ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా. పాఠాలు జులైలో ఆగుతాయి, పరీక్షలు జులై, ఆగస్టుల్లోకి, కొన్ని ఆ తర్వాతకు కూడా సాగుతాయి. మీకిక్కడ తర్వాతి సెమిస్టర్ ఆగస్టులోనే మొదలైపోతుంది. చలికాలం సెమిస్టర్ అక్టోబర్‌లో మొదలై పరీక్షలు ఫిబ్రవరి, మార్చి దాకా వెళ్తాయి. అదీ మన జనవరితో ఢీకొంటుంది. ఎటు చూసినా కొన్ని వారాల పేచీ తప్పదు. ఇక్కడ ఆలస్యంగా చేరడానికి ముందే అనుమతి కాగితం తీసుకోండి. అక్కడ ఒక్కో కోర్సుకు సాధారణంగా రెండు పరీక్ష తేదీలిస్తారు, మొదటిదే ఎంచుకోండి. చిన్న కోర్సుల్లో ప్రొఫెసర్‌ను మొదటి వారంలోనే అడిగితే ముందుగా మౌఖిక పరీక్ష పెట్టడానికి ఒప్పుకునే వీలుంటుంది. జులైలో అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు.

ఇంగ్లండ్ వెళ్లేవాళ్లకు ఇలాంటిదే ఇంకొకటి. చాలా యూనివర్సిటీల్లో మొదటి సెమిస్టర్ పరీక్షలు క్రిస్మస్ తర్వాత జనవరిలో జరుగుతాయి. డిసెంబర్‌లో తిరిగొచ్చే విజిటింగ్ విద్యార్థికి కొన్ని కోర్సుల్లో పరీక్షకు బదులు వ్యాసం ఇస్తారు, కొన్నింట్లో ఇవ్వరు. టికెట్ కొనకముందే కోర్సువారీగా అడగాలి. ఎడిన్‌బరోలో ఈ పరీక్షలు డిసెంబర్‌లోనే అయిపోతాయి.

నా వ్యాసాన్ని సాఫ్ట్‌వేర్ చూసి 31 శాతం పోలిక ఉందని చూపించింది. నేను కాపీ కొట్టలేదు. మాటలన్నీ మార్చే రాశాను. మీటింగ్‌కు రమ్మని లెటర్ వచ్చింది.
— పేరు వద్దన్నారు, తాంబరం, చెన్నై

31 అన్న అంకెను చూసి శిక్ష వేయరు. టర్నిటిన్ వంటి సాఫ్ట్‌వేర్ పోలిన వరుసలను రంగులు వేసి చూపిస్తుంది, అంతే. ఆ 31లో రిఫరెన్స్ జాబితా, కవర్ పేజీ, కొటేషన్లు కూడా ఉండొచ్చు. రిపోర్టు మనిషి చదివాకే నిర్ణయం. 8 శాతం ఉన్నా మొత్తం ఒకే పేరాలో ఒకే పుస్తకం నుంచి వచ్చి ఉంటే అది సమస్యే.

మీ ఉత్తరంలో మమ్మల్ని ఆపింది "మాటలన్నీ మార్చే రాశాను" అన్న వాక్యం. అసలు చిక్కు అక్కడుంది. ఒక పుస్తకంలో ఇలా ఉందనుకోండి: "నగరం పెరిగేకొద్దీ చెరువులకు నీరు తెచ్చే కాలువలు పూడిపోయాయి, అందుకే వాన పడినా చెరువు నిండదు, వీధి మునుగుతుంది." దాన్ని మీరు "పట్టణం విస్తరించేకొద్దీ తటాకాలకు జలం చేర్చే కాలువలు మూసుకుపోయాయి, అందువల్ల వర్షం కురిసినా తటాకం నిండదు, రోడ్డు మునుగుతుంది" అని రాస్తే మాటలు మారాయి, వాక్యం మారలేదు, ఆలోచన అసలే మారలేదు. అక్కడ దీన్ని కాపీ కిందే చూస్తారు. పేరు చెప్పకపోతే మరీను.

పద్ధతి ఇది. పేరా చదివి పుస్తకం మూసేయండి. మీకు అర్థమైంది మీ మాటల్లో, మీ వాదనకు కావాల్సినంతే రాయండి: "వరదకు వాన ఒక్కటే కారణం కాదని, పూడిన కాలువలే నీటిని వీధుల్లోకి మళ్లిస్తున్నాయని" అని, వెంటనే ఆ రచయిత పేరు, సంవత్సరం, పుట సంఖ్య. తర్వాతి వాక్యం తప్పనిసరిగా మీది కావాలి: ఒప్పుకుంటారా, ఎంతవరకు, ఎందుకు. నోట్స్ రాసుకునేటప్పుడే పుస్తకంలోని మాటలు ఒక రంగులో, మీవి ఇంకో రంగులో రాసుకుంటే నెల తర్వాత ఏది ఎవరిదో మరిచిపోరు. మంచి విద్యార్థులు ఇరుక్కునేది ఎక్కువగా ఈ మరుపు వల్లే.

మీటింగ్‌కు తప్పకుండా వెళ్లండి. రిపోర్టు కాపీ ముందే అడగండి. డ్రాఫ్టులు, నోట్స్, ఫైలు మార్పుల చరిత్ర పట్టుకెళ్లండి. స్టూడెంట్స్ యూనియన్‌లో సలహాదారులుంటారు, ఉచితం, వెంట రావడానికి ఒప్పుకుంటారు. తెలియక చేసిన పొరపాటు అయితే అయినట్టే చెప్పండి. మొదటిసారి కాబట్టి హెచ్చరికో, మార్కుల కోతో, తిరిగి రాయించడమో ఎక్కువగా జరుగుతుంది. అబద్ధమాడితే వ్యవహారం పెద్దదవుతుంది.

హాస్టల్‌లో పక్క గది స్నేహితుడికి "ఊరికే చూసుకుంటాడని" అసైన్‌మెంట్ ఇవ్వడం కూడా అక్కడ నేరమే. ఇచ్చినవాళ్లకూ, తీసుకున్నవాళ్లకూ ఇద్దరికీ. ఏఐ చాట్‌బోట్ల విషయంలో కోర్సుకో నిబంధన ఉంటుంది. హ్యాండ్‌బుక్‌లో అనుమతి కనిపించకపోతే, లేదనే అనుకుని అడగండి.

పరీక్ష రోజు మా అబ్బాయికి 103 జ్వరం. అయినా ఎందుకు వదలడమని వెళ్లి రాశాడు. సరిగా రాయలేదు. ఇప్పుడు డాక్టర్ సర్టిఫికెట్ పెట్టొచ్చా? ఇంగ్లండ్‌లో ఉన్నాడు.
— ఓ తండ్రి, పెరంబూర్, చెన్నై

మీ అబ్బాయి పట్టుదల మనసుకు తాకింది. కానీ ఈ ఒక్క విషయంలో అక్కడి నియమం మన అలవాటుకు పూర్తిగా ఎదురు. చాలా బ్రిటిష్ యూనివర్సిటీల్లో పరీక్షకు కూర్చున్నారంటే రాయగలిగిన ఆరోగ్యంతోనే ఉన్నారని ఒప్పుకున్నట్టు. తర్వాత జ్వరమంటే వినడం కష్టం. అయినా ప్రయత్నించకుండా ఉండొద్దు. జ్వరంలో తన స్థితి తానే అంచనా వేసుకోలేకపోయానని, డాక్టర్ లెటర్ జతచేసి, ప్రత్యేక పరిస్థితుల దరఖాస్తు పెట్టమనండి. సాధారణంగా పరీక్ష తర్వాత కొద్ది పనిదినాలే గడువు, కాబట్టి ఈ రోజే. ఏ తేదీన లక్షణాలు మొదలయ్యాయి, ఏ తేదీన డాక్టర్ చూశారు అన్నది లెటర్‌లో ఉండాలి. చెన్నైలోని మీ కుటుంబ డాక్టర్ ఫోన్‌లో విని రాసిచ్చింది పనికిరాదు. ఆ యూనివర్సిటీ దగ్గర్లోని క్లినిక్‌లో చేరిన వారమే పేరు నమోదు చేయించుకుని ఉండటం ఇందుకే అవసరం.

దరఖాస్తు ఒప్పుకున్నా మార్కులు కలపరు. ఇంకోసారి రాసే అవకాశం ఇస్తారు. అది తరచు ఆగస్టులో ఉంటుంది. అప్పటికి ఇంటికొచ్చేసే విజిటింగ్ విద్యార్థి దాన్ని ఇక్కడి నుంచే రాయవచ్చా, బదులుగా వ్యాసం ఇస్తారా అని దరఖాస్తుతో పాటే అడగమనండి.

రెండు చేతివేళ్లు విరిగి రాయడం నెమ్మది. పరీక్షలో అదనపు సమయం ఇస్తారా?
— వైట్‌ఫీల్డ్, బెంగళూరు

బ్రిటన్‌లో ఇస్తారు. సాధారణంగా గంటకు 15 నిమిషాలు, అవసరాన్ని బట్టి కంప్యూటర్ మీద టైప్ చేసే వీలు. పరీక్ష హాలులో అడిగితే రాదు. డిసెబిలిటీ సర్వీస్‌కు ఎక్స్‌రే రిపోర్టు, డాక్టర్ లెటర్ ఇంగ్లిష్‌లో వారాల ముందే పంపాలి. డిస్లెక్సియా వంటి వాటికీ ఇదే దారి. ఇక్కడ ఇంట్లో దాచిపెట్టుకునే సంగతులను అక్కడ చెప్పుకోవడంలో తప్పేమీ లేదు, మార్కుల మీద ప్రభావమూ ఉండదు. జవాబుపత్రం మీద పేరుండదు, నంబరే ఉంటుంది.

విదేశంలో నాలుగు కోర్సులు పాసై వచ్చాను. మా కాలేజీ ఒకదాన్ని ఒప్పుకోవడం లేదు, "మా సిలబస్‌లో ఆ పేరుతో పేపర్ లేదు" అంటున్నారు. ఇప్పుడు దాన్ని బ్యాక్‌లాగ్ కింద రాయాలట.
— బీటీఎం లేఅవుట్, బెంగళూరు

మీ బాధ న్యాయమైనది. పేరు చూసి కాదు, లోపలి విషయం చూసి పోల్చాలి. మీరు చేయగలిగింది ఇది. ఆ కోర్సు వివరణ పత్రం, అందులో క్రెడిట్లు, మొత్తం గంటలు, వారంవారీ అంశాలు, మార్కుల విభజన ఉన్నది, విదేశీ యూనివర్సిటీ నుంచి అధికారికంగా తెప్పించుకోండి. మీ కాలేజీ పేపర్ సిలబస్‌ను ఐదు యూనిట్లుగా ఒక పక్క, అక్కడి వారాలను ఇంకోపక్క పెట్టి పట్టిక గీయండి. ఎన్ని యూనిట్లు కలుస్తున్నాయో ఎదురుగా కనబడుతుంది. క్రెడిట్ల లెక్కకు: బ్రిటన్ 60 క్రెడిట్లంటే యూరప్ పద్ధతిలో 30, మన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం ఏడాదికి 40 కాబట్టి సెమిస్టర్‌కు 20. ఈ పట్టికతో ముందు హెచ్‌ఓడీని, తర్వాత కాలేజీ అకడమిక్ కమిటీని అడగండి. నోటిమాటగా కాదు, ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకున్న అర్జీగా.

ఇంకా వెళ్లనివాళ్లు గమనించాల్సింది లెర్నింగ్ అగ్రిమెంట్. అక్కడి ఏ కోర్సు ఇక్కడి ఏ పేపర్‌కు బదులో రాసి ఇరువైపులా సంతకాలుండే కాగితం. చాలామంది దీన్ని జాగ్రత్తగానే చేయించుకుంటారు. అయితే అక్కడికి వెళ్లాక క్లాసుల సమయాలు ఢీకొని మొదటి రెండు వారాల్లో కోర్సు మార్చుకుంటారు, పాత కాగితం పాతగానే ఉండిపోతుంది. గొడవలన్నీ ఆ మారిన కోర్సు దగ్గరే. మార్చిన రోజే ఇక్కడి కోఆర్డినేటర్‌కు కొత్త కోర్సు వివరణ జతచేసి ఈమెయిల్ పంపి, "అంగీకరిస్తున్నాం" అన్న జవాబు వచ్చేదాకా వదలకండి. ట్రాన్స్‌క్రిప్ట్ ఎగ్జామ్ బోర్డు కూర్చున్నాకే విడుదలవుతుంది, మీరు ఇల్లు చేరిన వారాల తర్వాత. అప్పటికి అక్కడి ఈమెయిల్ ఖాతా మూతపడే అవకాశం ఉంది. అందుకే విమానం ఎక్కేలోపే కోర్సు వివరణలు, దిద్దిన వ్యాసాలు, తాత్కాలిక మార్కుల పేజీ అన్నీ సొంత ఖాతాకు దించుకోండి.